పక్కవాళ్లు క్లిక్‌కి ఎంత కడుతున్నారు?

(విజయవాడలో చిన్న వ్యాపారుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినిపిస్తోందా అండీ? సరే.

ఒక పళ్ల డాక్టరు గారి సంగతితో మొదలుపెడతాను. ఆయన గూగుల్ యాడ్స్ పని, అంటే గూగుల్‌లో వెతికినప్పుడు వచ్చే ప్రకటనల పని, నేను చూస్తాను. ఒక రోజు రాత్రి పదిన్నరకి ఫోన్ చేశారు. గొంతులో కంగారు తెలుస్తోంది. "మన యాడ్ పైన వాళ్లది వస్తోందండీ. వాళ్లు నెలకి రెండు లక్షలు పెడుతున్నారట. మనమేమో పదివేలు. ఇలాగైతే ఎలా?" అన్నారు. రెండు లక్షలని ఎవరు చెప్పారంటే, ఎవరో వాట్సాప్‌లో పంపిన స్క్రీన్‌షాట్. పోటీదారుల ఖర్చు చెప్పే ఆన్‌లైన్ పరికరం ఒకటి ఆ అంకె చూపించిందట. పొద్దున మాట్లాడదామని నేను చెప్పేలోపే, ఆ రాత్రి తన ఖాతాలో బిడ్, అంటే ఒక్కో క్లిక్‌కి గరిష్ఠంగా ఇంత ఇస్తానని పాడే ధర, పెంచేశారు. మూడు వారాల తర్వాత బిల్లు తీసి చూస్తే ఒక్కో క్లిక్ ధర పెరిగింది, వచ్చిన ఫోన్లు మాత్రం అంతే ఉన్నాయి. అప్పుడు ఇద్దరం కాగితం, పెన్ను పట్టుకుని కూర్చుని, పక్క క్లినిక్ నిజంగా ఎంత ఖర్చు పెడుతుండవచ్చో లెక్క కట్టాం. ఆ లెక్క మీకందరికీ నేర్పాలని వచ్చాను. కాలిక్యులేటర్ ఉంటే చాలు, ఎవరైనా వేసుకోవచ్చు.

ముందుగా ఈ వేలం ఎలా నడుస్తుందో తెలియాలి. మనందరికీ తెలిసిన వేలంపాట ఏది? బాలాపూర్ లడ్డూ. 1994లో 450 రూపాయలకి పాడారు, 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలకి వెళ్లింది. అక్కడ పాట అందరి ముందూ జరుగుతుంది. ఎవరు ఎంత పాడారో మైకులో వినిపిస్తుంది, గెలిచినవాళ్లు తాము పాడినంతా కడతారు. గూగుల్ వేలంలో ఈ రెండూ ఉండవు. అక్కడ పాట ఎవరికీ వినపడదు. గెలిచినవాళ్లు తాము పాడినంతా కట్టరు కూడా.

మొదట్లో ఇలా లేదు. 1998లో అమెరికాలో గోటూ డాట్ కామ్ అని ఒక సెర్చ్ సైటు వచ్చింది. క్లిక్‌కి ఇంత అని వ్యాపారులు పాడుకునే పద్ధతిని జనంలోకి తెచ్చింది వాళ్లే. బిల్ గ్రాస్ అనే ఆయన దాన్ని మొదలుపెట్టారు. అందులో ఫలితం పక్కనే, ఆ వ్యాపారి క్లిక్‌కి ఎన్ని సెంట్లు ఇస్తున్నాడో రాసి ఉండేది. పోటీదారు ధర అంచనా వేసే అవసరమే లేదు, కళ్లెదురుగా కనిపించేది. 2001లో ఆ కంపెనీ ఓవర్చర్ అని పేరు మార్చుకుంది. 2003లో యాహూ దాన్ని దాదాపు 163 కోట్ల డాలర్లకి కొంటున్నట్టు ప్రకటించింది.

అంతా బయటికి కనిపించినప్పుడు వ్యాపారులు ఏం చేశారు? పక్కవాడి కంటే ఒక్క సెంటు ఎక్కువ పాడారు. వాడు ఇంకో సెంటు. ఇలా గంటగంటకీ పెరిగి, ఒకడు విసిగి వదిలేయగానే ధర దబ్బున కిందపడేది, మళ్లీ మొదలయ్యేది. ఈ పని కోసమే ప్రోగ్రాములు రాయించుకున్నారు. తర్వాత ఇంకో ఎత్తు కూడా నేర్చారు. పైనున్నవాడి గరిష్ఠ బిడ్ కనిపిస్తోంది కదా, దానికి సరిగ్గా ఒక్క సెంటు కింద తమ బిడ్ పెట్టేవారు. తమకి పై చోటు అక్కర్లేదు, పైవాడు తన ధర తగ్గించుకునే వీలు లేకుండా చేయడమే ఉద్దేశం. పోటీదారు ధర పైసలతో సహా తెలిస్తే మనకి మేలే అనుకునేవాళ్లు ఈ కథ గుర్తుంచుకోవాలి. తెలిసినప్పుడు జనం తమ లెక్క చూసుకోవడం మానేసి, పక్కవాడి లెక్క మీద పడ్డారు.

గూగుల్ 2000లో యాడ్‌వర్డ్స్ మొదలుపెట్టింది. 2002లో క్లిక్ వేలంలోకి వచ్చినప్పుడు రెండు మార్పులు తెచ్చింది. ఒకటి, బిడ్ ఒక్కటే కాకుండా యాడ్ నాణ్యత, అంటే వెతికినవాళ్లకి అది ఎంత పనికొస్తుందన్నది, కూడా చూస్తుంది. రెండు, గెలిచినవాళ్లు తమ కిందివాళ్లని దాటడానికి సరిపడా మాత్రమే కడతారు. ఇది బోర్డు మీద వేస్తాను. అసలు పద్ధతిలో ఇంకా చాలా ఉంటాయి. వెతికిన ఊరు, సమయం, ఫోనా కంప్యూటరా, ఫోన్ నంబరు లాంటి అదనపు హంగులు, అన్నీ కలుస్తాయి. ఇది అర్థం కావడానికి కుదించిన లెక్క.

మూడు క్లినిక్‌లు అనుకుందాం. మొదటి దాని బిడ్ 40 రూపాయలు, నాణ్యత 8. గుణిస్తే 320. రెండోది మీది. బిడ్ 60, నాణ్యత 5. గుణిస్తే 300. మూడోది బిడ్ 50, నాణ్యత 4, అంటే 200. పై చోటు ఎవరిది? 40 రూపాయలు పాడినవాళ్లది. వాళ్లు ఎంత కడతారు? మీ 300ని వాళ్ల 8తో భాగించండి. 37 రూపాయల 50 పైసలు. మీరు ఎంత కడతారు? కిందివాళ్ల 200ని మీ 5తో భాగిస్తే 40. చూశారా? పైన ఉన్నవాళ్లు మీకంటే తక్కువ కడుతున్నారు.

ఇప్పుడు మీకు కోపం వచ్చి బిడ్ 60 నుంచి 65కి పెంచారు. 65 ఐదుల 325. పైకెక్కారు. మీరు కట్టేది ఎంత? 320ని 5తో భాగిస్తే 64. నలభై నుంచి అరవై నాలుగుకి వెళ్లింది. మరి కిందికి దిగిన వాళ్లు? 200ని 8తో భాగిస్తే 25. మీరు పెంచింది అయిదు రూపాయలు. మీ క్లిక్ ధర 24 రూపాయలు పెరిగింది, వాళ్లది పన్నెండున్నర తగ్గింది. మా డాక్టరు గారు ఆ రాత్రి చేసిన పని అచ్చంగా ఇలాంటిదే.

ఈ లెక్క దగ్గర నేను కాసేపు ఆగుతాను, ఎందుకంటే అసలు సంగతి ఇక్కడే ఉంది. "పోటీదారు ఎంత కడుతున్నారు" అనే ప్రశ్నకి జవాబు వాళ్ల ఖాతాలో మాత్రమే లేదు. వాళ్లు కట్టే ధరలో మీ బిడ్ ఉంది, మీ ల్యాండింగ్ పేజీ, అంటే యాడ్ నొక్కితే తెరుచుకునే పేజీ, ఉంది. మీ నాణ్యత పెరిగితే మీ ధర తగ్గుతుంది, వాళ్ల ధర పెరుగుతుంది. ఇంకో మాట. ఇప్పుడు చాలామంది బిడ్ చేత్తో పెట్టడం లేదు. ఒక ఎంక్వయిరీ ఇంత ధరలో కావాలని గూగుల్‌కి అప్పజెప్పేస్తున్నారు. అప్పుడు ఒక్కో సెర్చ్‌కి ఒక్కో బిడ్ వెళ్తుంది. ఆ క్లినిక్ డాక్టరుని అడిగినా తన బిడ్ ఎంతో చెప్పలేరు. అందుకే ఒకే అంకె కోసం వెతకవద్దు. కనీసం ఇంత, గరిష్ఠం ఇంత అని రెండు అంచులు పట్టుకుంటే చాలు.

ఇక ఆ రెండు లక్షల స్క్రీన్‌షాట్ సంగతి. సెమ్‌రష్, స్పైఫూ లాంటి పరికరాల పేర్లు మీలో కొందరు వినే ఉంటారు. ఈ తరహా పరికరాలకి ఎవరి ఖాతాలోకీ చూసే వీలు లేదు. స్థూలంగా వాళ్లు చేసేది ఇదీ. పెద్ద కీవర్డ్ జాబితా, అంటే జనం వెతికే మాటల జాబితా, పెట్టుకుంటారు. ఆ మాటలు సెర్చ్‌లో ఎక్కించి, ఎవరి యాడ్ ఎక్కడ వచ్చిందో నమోదు చేస్తారు. నెలకి ఎంతమంది వెతుకుతారన్న అంచనాని, ఆ చోటులో నూటికి ఎన్ని క్లిక్‌లు వస్తాయన్న అంచనాతోనూ, సగటు క్లిక్ ధర అంచనాతోనూ గుణిస్తారు. మూడు అంచనాలు గుణించినప్పుడు తప్పులు కూడా గుణించుకుంటాయి. ఒక్కోటీ రెట్టింపు పడిందనుకోండి, జవాబు ఎనిమిది రెట్లు పడుతుంది.

దేశమంతా యాడ్స్ వేసే పెద్ద కంపెనీల మీద ఈ పరికరాలు పనికొస్తాయి. వాటిలో ఎవరు పెంచుతున్నారు, ఎవరు తగ్గిస్తున్నారన్న పోకడ తెలుస్తుంది. ఏ మాటల మీద యాడ్ వేస్తున్నారు, యాడ్‌లో ఏం రాస్తున్నారన్నది బాగా తెలుస్తుంది, నేనూ దానికోసం వాడతాను. కానీ బెంజ్ సర్కిల్ చుట్టూ పది కిలోమీటర్లలో మాత్రమే యాడ్ చూపించే క్లినిక్ మీద ఇవి తడబడతాయి. ఆ పరికరాలవాళ్లు ఎక్కడి నుంచి సెర్చ్ చేసి చూశారో ఆ చోట ఆ యాడ్ రాకపోవచ్చు. ఒక్కసారి వస్తే నెలంతా, రాష్ట్రమంతా వస్తోందని లెక్కలో పడిపోవచ్చు. ఇక మన జనం వెతికే మాటలు చూడండి. "పంటి నొప్పి డాక్టర్ దగ్గరలో" అని తెలుగులో టైపు చేస్తారు, ఫోన్‌లో మాట్లాడి వెతుకుతారు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తారు. గూగుల్ తన యాడ్స్‌లో తెలుగుని 2018లో చేర్చింది. ఈ మాటల్లో ఎన్ని ఆ పరికరాల జాబితాల్లో ఉంటాయన్నది వేరే ప్రశ్న.

మరి మన దగ్గర ఏముంది? మన సొంత ఖాతా ఉంది. అందులో ఆక్షన్ ఇన్‌సైట్స్ అని ఒక రిపోర్టు ఉంది. 2012 నుంచీ ఇస్తున్నారు. మీతోపాటు అదే వేలంలో ఎవరెవరు ఉన్నారు, రావలసిన సందర్భాల్లో నూటికి ఎన్నిసార్లు వాళ్ల యాడ్ కనిపించింది, మీరిద్దరూ కలిసి కనిపించినప్పుడు వాళ్లు మీ పైన ఎన్నిసార్లు ఉన్నారు, అన్నీ అందులో ఉంటాయి. ఆ కనిపించిన శాతాన్ని ఇంప్రెషన్ షేర్ అంటారు. ఇందులో బిడ్‌లు ఉండవు, డబ్బు ఉండదు. కానీ డబ్బు లెక్కకి తలుపు అక్కడే ఉంది.

అంకెలు లెక్కకి వీలుగా గుండ్రంగా తీసుకుంటున్నాను, రాసుకోండి. పోయిన నెలలో మీ యాడ్ 3,600 సార్లు కనిపించింది. మీ ఇంప్రెషన్ షేర్ 45 శాతం. అంటే మీ యాడ్ రాగలిగిన సందర్భాలు మొత్తం ఎన్ని? 3,600ని 0.45తో భాగిస్తే 8,000. ఆక్షన్ ఇన్‌సైట్స్‌లో పక్క క్లినిక్ షేర్ 70 శాతం ఉంది. 8,000లో 70 శాతం అంటే 5,600 సార్లు వాళ్ల యాడ్ కనిపించింది. ఇక్కడిదాకా ఊహ చాలా తక్కువ.

ఇప్పుడు నూటికి ఎన్ని క్లిక్‌లు? ఇంటర్నెట్‌లో దొరికే సగటులు తీసుకోకండి. మీ యాడ్ పేజీ పైభాగంలో వచ్చినప్పుడు నూటికి ఎన్ని క్లిక్‌లు వచ్చాయో మీ ఖాతాలోనే విడదీసి చూడవచ్చు. అది 8 అనుకుందాం. వాళ్లు మీకంటే పైన ఉంటున్నారు కాబట్టి 8 నుంచి 12 దాకా వేద్దాం. అంటే 448 క్లిక్‌ల నుంచి 672 క్లిక్‌ల దాకా.

ఇక క్లిక్ ధర. దీనికి గూగుల్ ఇచ్చే కీవర్డ్ ప్లానర్ ఉంది. ఊరు విజయవాడ అని పెట్టి, పైభాగంలో కనిపించడానికి బిడ్ ఎంతో చూడండి. తక్కువ అంచు, ఎక్కువ అంచు అని రెండు అంకెలు ఇస్తుంది. ఆ మాట మీద గతంలో వ్యాపారులు కట్టిన ధరలు వంద తీసుకుని చిన్నదాని నుంచి పెద్దదాకా పేరిస్తే, ఇరవయ్యోది తక్కువ అంచు, ఎనభయ్యోది ఎక్కువ అంచు. మన ఉదాహరణలో 25, 55 అనుకుందాం. కింద అంచు 448ని 25తో గుణిస్తే 11,200. పై అంచు 672ని 55తో గుణిస్తే 36,960. మధ్యలో 560 క్లిక్‌లు, 40 రూపాయలు వేస్తే 22,400.

రెండు లక్షలు ఎక్కడ, ఇరవై రెండు వేలు ఎక్కడ! డాక్టరు గారి ఖాతాలో అసలు అంకెలు వేరు, కానీ తేడా ఈ మాదిరిగానే వచ్చింది. ఆ కాగితం చూశాక ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నేను అనవసరంగా భయపడ్డాను" అన్నారు. భయపడటం తప్పని నేను అనను. సొంత డబ్బు పెట్టి, బ్యాంకు లోను మీద కుర్చీలు, ఎక్స్‌రే మిషన్ కొనుక్కున్న మనిషికి అలాంటి స్క్రీన్‌షాట్ వస్తే నిద్ర పట్టదు.

ఈ లెక్కలో ఒక మెలిక ఉంది, అది దాచకూడదు. ఆ 70 శాతం, మీరు కూడా పోటీలో ఉన్న వేలాల్లో మాత్రమే. వాళ్లు గుంటూరులో యాడ్ వేస్తూ మీరు వేయకపోతే, అది ఇందులో రాదు. వాళ్లు ఇంప్లాంట్ల మీద వేస్తూ మీరు క్లీనింగ్ మీద మాత్రమే వేస్తుంటే, అదీ రాదు. కాబట్టి మనకి వచ్చింది వాళ్ల మొత్తం ఖర్చు కాదు, మీ ఇద్దరూ తలపడే చోట వాళ్లు పెట్టే ఖర్చు. మీ నిర్ణయాలకి కావలసింది ఎక్కువగా అదే. ఇంకొకటి, పది శాతం కంటే తక్కువ షేర్ ఉన్నవాళ్లకి రిపోర్టు సరైన అంకె ఇవ్వదు, పదికి లోపు అని మాత్రం చూపిస్తుంది.

జీఎస్టీ మర్చిపోవద్దు. యాడ్స్ బిల్లు మీద 18 శాతం పడుతుంది. బట్టల షాపు వాళ్లకి ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి సర్దుబాటు అవుతుంది. వైద్య సేవల మీద జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి క్లినిక్‌లకి ఆ సర్దుబాటు దొరకదు. వాళ్లకి 22,400 నిజంగా 26,432 అవుతుంది.

ఈ అంచులని ఇంకా దగ్గరికి తేవాలంటే గడియారం పట్టుకోండి. రోజుకి నాలుగుసార్లు, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి చూడండి. మామూలు గూగుల్‌లో వెతకకండి, మీ ఖాతాలోనే యాడ్ ప్రివ్యూ అని ఉంటుంది, అందులో చూడండి. మామూలుగా వెతికితే మీ యాడ్ కనిపించి, మీరు క్లిక్ చేయరు కాబట్టి మీ క్లిక్ శాతం పాడవుతుంది. పక్కవాళ్లు రోజూ నాలుగింటికల్లా మాయమవుతుంటే బడ్జెట్ అయిపోతోందని అనుమానించవచ్చు. ఆ తర్వాతి గంటల్లో మీకు పోటీ తక్కువ, క్లిక్ చవగ్గా దొరికే అవకాశం ఉంది. కానీ ఒక్కరోజు చూసి తేల్చేయకండి. రోజు బడ్జెట్‌కి రెండు రెట్ల దాకా ఒక్క రోజులో ఖర్చు చేసి, నెల మొత్తం మీద 30.4 రోజుల బడ్జెట్ దాటకుండా సరిచూసే పద్ధతి గూగుల్‌ది. రెండు వారాలు చూడండి. అలాగే, వాళ్లు సాయంత్రాలు ఉండటం లేదని ఇందాకటి 22,400ని మళ్లీ తగ్గించకండి. ఆ లేకపోవడం 70 శాతంలో ముందే కలిసి ఉంది.

ఒక్క పని మాత్రం చేయకండి. కోపంలో పోటీదారు యాడ్ మీద క్లిక్‌లు కొట్టకండి. మీ కుర్రాళ్ల చేత కొట్టించకండి. అలాంటి క్లిక్‌లని గూగుల్ చాలావరకు పట్టుకుని డబ్బు తీసుకోకుండా వదిలేస్తుంది. పట్టుకోకపోయినా, అది పక్కవాడి జేబులోంచి డబ్బు తీయడమే. దాన్ని వ్యాపారం అనరు.

బయట దొరికే సమాచారం కూడా కొంత ఉంది. పోటీదారు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే వాళ్ల వార్షిక లెక్కలు కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో ఫీజు కట్టి చూడవచ్చు. అందులో ప్రకటనల ఖర్చు విడిగా చూపిస్తే, పేపరు, హోర్డింగులు, రేడియో అన్నీ కలిపి అంత అన్నమాట. గూగుల్ ఖర్చు దాన్ని మించదు. అది పైకప్పు. 2023లో గూగుల్ యాడ్స్ ట్రాన్స్‌పరెన్సీ సెంటర్ తెరిచింది. ఎవరి పేరు కొట్టినా వాళ్ల యాడ్స్ కనిపిస్తాయి. ఖర్చు మాత్రం మామూలు వ్యాపారులది ఉండదు, ఎన్నికల ప్రకటనలకే చూపిస్తారు. మన దేశంలో 2019 లోక్‌సభ ఎన్నికల నుంచీ ఉంది. ఏ పార్టీ ఎంత పెట్టిందో ఇంటికెళ్లి మీరే చూడవచ్చు. ఓటు అడిగేవాళ్ల ఖర్చు అలా బయట ఉండటం న్యాయమని నా అభిప్రాయం.

సరే, అంచనా వచ్చింది. దాంతో ఏం చేయాలి? వాళ్లంత పెట్టాలా? అమెరికాలో ఈబే కంపెనీ 2012లో ఒక ప్రయోగం చేసింది. తన పేరుతో వెతికేవాళ్లకి చూపించే యాడ్స్‌ని ఒక సెర్చ్ ఇంజిన్‌లో ఆపి చూసింది. ఆ క్లిక్‌లలో 99.5 శాతం కింద ఉన్న ఉచిత ఫలితం ద్వారా మళ్లీ వచ్చేశాయి. అంత పెద్ద కంపెనీయే అక్కర్లేని చోట డబ్బు పోస్తూ వచ్చింది. పక్కవాళ్లు పెడుతున్నారంటే వాళ్లకి లాభం వస్తోందని అర్థం కాదు. మీ పైకప్పు మీరే కట్టుకోవాలి. వంద క్లిక్‌లకి ఇద్దరు పేషెంట్లు వస్తారనుకుందాం. ఒక్కొక్కరి మీద మీకు మిగిలేది 3,000 అయితే, వంద క్లిక్‌లకి 6,000. క్లిక్‌కి 60 దాటితే మీ చేతి డబ్బు పోతుంది. ఇందాకటి బోర్డు చూడండి. అరవై నాలుగు! పై చోటు దక్కింది, ప్రతి క్లిక్ మీదా నాలుగు రూపాయల నష్టం.

ఇక ప్రశ్నలు అడగండి.

(ఒక మహిళా వ్యాపారి: "మా షాపు పేరు కొడితే పక్క షాపు యాడ్ వస్తోందండీ. ఇది కుదురుతుందా? దానికి వాళ్లు ఎంత కడుతుంటారు?")

మంచి ప్రశ్న అమ్మా. చట్టం సంగతి ముందు చెప్తాను. అగర్వాల్ ప్యాకర్స్ అండ్ మూవర్స్ పేరు మీద వచ్చిన కేసులో 2023 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ తీర్పు ఇచ్చింది. ఇంకొకరి ట్రేడ్‌మార్క్‌ని కీవర్డ్‌గా పెట్టుకున్నంత మాత్రాన ఉల్లంఘన కాదంది. కానీ చూసేవాళ్లు మీ షాపే అని పొరబడేలా ఉంటే అది వేరే సంగతి. యాడ్ మాటల్లో మీ పేరు వాడుకుంటే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, మీ పేరు రిజిస్టరు అయి ఉంటే గూగుల్‌కి ఫిర్యాదు చేయవచ్చు.

ధర అంటారా, మీ పేరు వెతికినవాళ్లకి వాళ్ల పేజీ సరైన జవాబు కాదు, నాణ్యత తక్కువ పడుతుంది. కాబట్టి అదే చోటుకి వాళ్లు మీకంటే చాలా ఎక్కువ కట్టాల్సి వస్తుంది. మీరు మీ పేరు మీద చిన్న బిడ్‌తో యాడ్ పెడితే చవగ్గా వస్తుంది, వాళ్లకి ఇంకా ఖరీదవుతుంది. ఈబే సంగతి చెప్పి ఇప్పుడు ఇలా అంటున్నానేమిటని అడగవచ్చు. మీ పేరు మీద ఇంకెవరూ యాడ్ వేయకపోతే మీరూ వేయనక్కర్లేదు. వేస్తున్నారు కాబట్టి ఒక నెల పెట్టి చూడండి. తర్వాత పది రోజులు ఆపి, షాపుకి వచ్చే ఫోన్లు తగ్గాయో లేదో పుస్తకంలో రాసుకోండి. మీ ఊరు ఏదమ్మా? తెనాలా? ఆ పది రోజులు పండగల్లో పడకుండా చూసుకోండి, లేకపోతే లెక్క తప్పుతుంది.